కొడికొండ దాకా వినిపించిన కారు

ఆదివారం పొద్దున 6 గంటలకు కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర టీ కొట్టు ముందు నిలబడండి. టికెట్ లేకుండా ఒక షో చూడొచ్చు. బెంగళూరు వైపు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ముందు సౌండ్ వస్తుంది. తర్వాత లైట్లు. ఆ తర్వాత బండి. పోర్షేలు, మస్టాంగ్‌లు, గుంపులు గుంపులుగా సూపర్‌బైకులు. కొన్ని నేరుగా పెనుకొండ వైపు దూసుకుపోతాయి. కొన్ని ఎడమకు తిరిగి చిలమత్తూరు మీదుగా లేపాక్షికి వెళ్తాయి. నంది ముందు ఫోటో దిగి, టిఫిన్ తిని, ఎండ ఎక్కేలోపు బెంగళూరు చేరిపోతాయి.

మాది చిలమత్తూరు. చిన్నప్పుడు మిద్దె మీద పడుకుంటే ఆదివారం అలారం అక్కర్లేదు, ఆ సౌండ్‌కే లేచేవాళ్లం. ఏ సౌండ్ ఏ బండిదో పందెం కట్టుకునేవాళ్లం. ఇంజినీరింగ్ చదివి, బెంగళూరులో ఉద్యోగం వచ్చాక నేను చేసిన మొదటి పిచ్చి పని కూడా ఆ సౌండ్ కోసమే.

పోర్షే కొనే జీతం కాదు కాబట్టి పాత హోండా సిటీ వీటెక్ కొన్నా. 2000ల మొదట్లో వచ్చిన 1.5 లీటర్ల సెడాన్. నాలుగు తలుపులున్నదాన్ని స్పోర్ట్స్ కారు అంటావేంటి అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. కానీ మన దేశంలో ట్యూనింగ్ పిచ్చి ఉన్న ఎవరినైనా అడగండి, ఆ కారు పేరు వినగానే కళ్లు మెరుస్తాయి. అప్పట్లో 100 హార్స్‌పవర్ దాటిన చిన్న పెట్రోల్ కార్లు మనకి చాలా తక్కువ. ఇది దాటింది. పైగా తేలికైన కారు.

దానికి హెడర్ బిగించాలని డిసైడయ్యా. బెంగళూరు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో స్పానర్ పట్టుకుంటే సెక్యూరిటీ అన్న విజిల్ వేస్తాడు. అందుకే ఒక శుక్రవారం సాయంత్రం హెడర్‌ని డిక్కీలో వేసుకుని ఊరికి బయల్దేరా.

ఇంతకీ హెడర్ అంటే?

ఇంజిన్‌లో పెట్రోల్ మండాక వచ్చే వేడి గాలి నాలుగు సిలిండర్ల నుంచి నాలుగు రంధ్రాల గుండా బయటికి వస్తుంది. వాటన్నిటినీ కలిపి ఒకే గొట్టంలోకి పంపేదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. కంపెనీ ఇచ్చేది ఎక్కువగా పోత ఇనుముది. పొట్టిగా, బరువుగా ఉంటుంది. చవక, చాలాకాలం మన్నుతుంది, కానీ నాలుగు సిలిండర్ల గాలీ ఇరుకు చోట ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పెళ్లిలో రెండో బంతికి భోజనాల హాల్ తలుపు తీసినట్టన్నమాట.

హెడర్‌లో ప్రతి సిలిండర్‌కూ విడిగా పొడవాటి స్టీల్ గొట్టం ఉంటుంది. నా దగ్గరున్నది 4-2-1 రకం. నాలుగు గొట్టాలు ముందు రెండుగా, ఆ రెండూ తర్వాత ఒకటిగా కలుస్తాయి. ఎలా పడితే అలా కలపరు. ఈ ఇంజిన్‌లో సిలిండర్లు 1-3-4-2 వరసలో మండుతాయి. అందుకే 1ని 4తో, 2ని 3తో జత చేస్తారు. అప్పుడు ఒకదాని గాలి వెళ్లాక కొంత గ్యాప్ ఇచ్చి జోడీలో రెండోదాని గాలి వస్తుంది.

అసలు మ్యాజిక్ గొట్టం పొడవులో ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే ఒక ఒత్తిడి అల గొట్టంలో పరిగెత్తుతుంది. గొట్టాలు కలిసే చోటికి చేరాక, అక్కడి నుంచి ఒక పీల్చే అల వెనక్కి తిరిగి వస్తుంది. అది సరిగ్గా వాల్వు మూసుకోబోయే ముందు వచ్చిందా, మిగిలిపోయిన పొగను కూడా లాగేస్తుంది. ఆ ఖాళీలోకి కొత్త గాలి, పెట్రోల్ ఇంకాస్త ఎక్కువ చేరతాయి. కానీ ఒక పొడవు ఒక స్పీడ్ దగ్గరే బాగా పనిచేస్తుంది. అందుకే 4-2-1 రోడ్డు మీద పనికొచ్చే మధ్య ఆర్‌పీఎమ్‌లో లాభం ఇస్తుంది, నాలుగూ ఒకేచోట కలిసే 4-1 రకం పై ఆర్‌పీఎమ్‌లో ఇస్తుంది. రేసులకు రెండోదే ఎక్కువ వాడతారు.

ఇదంతా నేను ఆరు నెలలు వీడియోలు చూసి నేర్చుకున్నా. ఆ వీడియోల్లో ఎవరూ గట్టిగా చెప్పని విషయం ఒకటుంది. చిన్న ఇంజిన్‌లో హెడర్ ఒక్కటే మార్చితే వచ్చేది వేళ్ల మీద లెక్కపెట్టే హార్స్‌పవరే. ఈసీయూ కూడా ట్యూన్ చేయిస్తేనే కాస్త కనిపిస్తుంది. సౌండ్ మాత్రం వెంటనే మారిపోతుంది. మనకి స్పీడ్ పెరిగినట్టు అనిపించేదాంట్లో సగం చెవుల పుణ్యమే.

తెగిన బోల్టు

శుక్రవారం రాత్రే పాత నట్ల మీద తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేశా. శనివారం పొద్దున, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పని మొదలైంది. ఈ కారులో ఒక సుఖం, ఎగ్జాస్ట్ వైపు ఇంజిన్ ముందు భాగంలో, రేడియేటర్ వెనకే ఉంటుంది. బోనెట్ ఎత్తగానే కనిపిస్తుంది. బ్యాటరీ వైరు పీకి, వేడి తగలకుండా పెట్టే రేకు తీసి, ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ముందు చక్రాలు పైకి లేపి స్టాండ్ల మీద నిలబెట్టా. ఒక్క జాకీ మీద నిలబెట్టి కారు కిందికి దూరడం లాంటి పని మాత్రం ఎప్పుడూ చేయకండి.

మా చిన్నాయన పట్టుపురుగుల షెడ్డు ముందున్న కానుగ చెట్టు నీడలో పెట్టుకున్నా ఈ సెటప్ అంతా. ఊళ్లో సిమెంట్ ఫ్లోర్ ఉన్న చోటు, నీడ ఉన్న చోటు అదొక్కటే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మొదటి నాలుగు నట్లు వచ్చేశాయి. ఐదోది తిప్పుతుంటే చేతికి మెత్తగా తగిలింది. స్పానర్ పట్టిన ఎవరికైనా ఆ మెత్తదనం తెలుసు. కడుపులో దేవినట్టవుతుంది. నట్టుతో పాటు స్టడ్డు కూడా సగానికి తెగి చేతిలోకి వచ్చింది. మిగతా సగం సిలిండర్ హెడ్‌లోనే ఉండిపోయింది. హెడ్ అల్యూమినియంది. డ్రిల్లింగ్‌లో ఒక్క పొరపాటు చేస్తే కారు కన్నా ఖరీదైన పని అవుతుంది.

బస్టాండు దాటాక ఒక వెల్డింగ్ షాపు ఉంది. ట్రాక్టర్ సైలెన్సర్లు, బోరు పైపులు, గేట్లు అక్కడ చేస్తారు. ఆయన్ని చిన్నప్పటి నుంచి మామా అనే పిలుస్తా. మిషన్ టీవీఎస్ మీద వేసుకుని వచ్చాడు. తెగిన స్టడ్డు చూశాడు. కింద పెట్టిన మెరిసే హెడర్ చూశాడు.

"ఇంత మెరుస్తాండాదే, ఇంట్లో పెట్టుకోనేదా, బండికా?" అన్నాడు.

"బండికే మామా. పికప్ పెరుగుతాది."

"ఇప్పుడు బండి నిలబడిపోతాందా?"

"లేదు మామా, బాగానే పోతాది."

"మరి ఎందుకప్పా?"

నా దగ్గర సమాధానం లేదు. ఒత్తిడి అలల గురించి చెప్పబోయి ఊరుకున్నా.

ఆయన చేసిన పని మాత్రం చూడాల్సిందే. తెగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి, నట్టు రంధ్రం లోపలి నుంచి ముక్కకు టక్కున వెల్డింగ్ టాకా వేశాడు. ఆ మంట అల్యూమినియంకి అంటుకోదు, స్టీల్ స్టీల్‌కే అతుక్కుంటుంది. వెల్డింగ్ వేడికి ముక్క ఉబ్బి, చల్లారేటప్పుడు కుంచించుకుని తుప్పు పట్టు వదులుతుంది. ఐదు నిమిషాలు ఆగి, స్పానర్ పెట్టి నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఆడిస్తే మొత్తం బయటికి వచ్చేసింది. బెంగళూరులో ఇదే పనికి హెడ్ దించాలి అంటారేమోనని నేను భయపడిపోయా. ఆయన 200 తీసుకున్నాడు, అందులో టీ కూడా నాకే తాగించాడు.

తర్వాత అంతా పుస్తకం ప్రకారమే జరిగింది. కొత్త గ్యాస్కెట్, కొత్త స్టడ్లు. నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి రెండు వైపులకూ, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా బిగించా. టార్క్ స్పానర్‌తో సుమారు 30 న్యూటన్ మీటర్లు. అంతకంటే బలం చూపిస్తే మళ్లీ వెల్డింగ్ మామే దిక్కు. నేను కొన్న సెట్‌లో ఇంకో ముక్క కూడా వచ్చింది. క్యాటలిటిక్ కన్వర్టర్ స్థానంలో పెట్టే ఖాళీ పైపు. అమ్మినవాడు దాన్ని బోనస్ అన్నాడు. బిగించేశా.

మొదటి స్టార్ట్

సాయంత్రం 5 దాటాక తాళం తిప్పా. మొదట తెల్లటి పొగ వచ్చింది. అది కొత్త గొట్టాల మీద ఉన్న నూనె కాలడం, కంగారు అక్కర్లేదు. తర్వాత సౌండ్ వచ్చింది. నిజం చెప్పాలంటే గూస్‌బంప్స్. చిన్నప్పుడు మిద్దె మీద విన్న ఆదివారం మా ఇంటి ముందుకే వచ్చినట్టుంది. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఎదురింటి అవ్వ రెండు చెవులూ మూసుకుని, "రేయ్ అబ్బీ, దానికేమైనా రోగమా?" అని అడిగింది.

కొత్త హెడర్ వేడెక్కాలి, చల్లారాలి, నట్లు మళ్లీ చూసుకోవాలి. అందుకని అక్కడే పాతిక నిమిషాలు ఐడిలింగ్‌లో వదిలేశా. మధ్యలో రేస్ చేస్తూ ఫోన్‌లో వీడియో తీస్తూ ఉన్నా. పెట్రోల్ వాసన కళ్లు మండేలా ఉంది. అది కూడా నాకు రేస్ ట్రాక్ వాసనలాగే అనిపించింది.

చిన్నాయన పొలం నుంచి మల్బరీ కొమ్మల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మోపు దించాడు. నన్ను ఏమీ అనలేదు. షెడ్డు ఇటువైపు కిటికీలకు గోనెపట్టలు దించి, అవతలి వైపు తలుపులు బార్లా తెరిచాడు. అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఇంజిన్ ఆపేశా.

"పురుగు నిన్ననే నాలుగో జ్వరం లేసింది" అన్నాడు, అంతే.

మా వైపు తెలియనివాళ్లకు చెప్తా. పట్టుపురుగు నాలుగుసార్లు మేత మానేసి కుబుసం విడుస్తుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు రాత్రీ పగలూ ఆకు తింటుంది. జీవితం మొత్తంలో తినే ఆకులో పెద్ద భాగం ఆ వారంలోనే. రైతు చేతి నుంచి ఖర్చయ్యేది కూడా అప్పుడే. పొగ, మందుల వాసన, గాలి ఆడకపోవడం, వీటికి పురుగు తట్టుకోలేదని ఇక్కడ బడికెళ్లే పిల్లలకు కూడా తెలుసు. పక్క పొలంలో మందు కొడితే ఆ ఆకు కోయరు. షెడ్డు దగ్గర బీడీ వెలిగించనివ్వరు. నేను ఆ షెడ్డుకు పది అడుగుల దూరంలో క్యాటలిటిక్ కన్వర్టర్ లేని కారును పాతిక నిమిషాలు ఆన్‌లో పెట్టా.

ఆ డబ్బా లోపల తేనెపట్టులాంటి గదులు, వాటి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటాయి. కాలని పెట్రోల్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని, నైట్రోజన్ ఆక్సైడ్లని అది చాలావరకు నీటి ఆవిరిగా, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్‌గా మార్చేస్తుంది. మన దేశంలో 1995లో నాలుగు మెట్రో నగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు దాన్ని తప్పనిసరి చేశారు. చల్లటి ఇంజిన్‌తో మొదటి నిమిషాల్లో అది కూడా సరిగ్గా పనిచేయదు, వేడెక్కాలి. కానీ నేను నడిపింది పాతిక నిమిషాలు. డబ్బా ఉండుంటే అందులో ఎక్కువ సమయం అది తన పని తాను చేసేది. ఈ లెక్క ఆ రాత్రి నిద్రపట్టక వేసుకున్నది.

హైవే మీద 40 నిమిషాలు

ఆదివారం తెల్లవారుజామున కారును ఇంటి నుంచి రోడ్డు దాకా తోసుకెళ్లి, అక్కడ స్టార్ట్ చేశా. కొడికొండ వెళ్లేలోపే ఇంకో పాఠం. హెడర్ గొట్టాలు ఇంజిన్ కిందుగా, ఆయిల్ సంప్ పక్క నుంచి వెనక్కి వెళ్తాయి. కంపెనీ పైపు కన్నా రెండు వేళ్లు కిందికి. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు ఎవరి ఇంటి ముందు వాళ్లు కొలత లేకుండా పోసుకున్నవి. ప్రతి దాని మీదా ఒక కర్ర్ర్ సౌండ్. వేలు పోసి కొన్న మెరుపు మూడు కిలోమీటర్లలో గీతలు పడింది.

హైవే ఎక్కాక మాత్రం, దాచుకోను, చాలా బాగుంది. 4 వేల ఆర్‌పీఎమ్ దాటాక ఇంజిన్ ఇదివరకటి కన్నా స్వేచ్ఛగా తిరుగుతున్నట్టుంది. పెనుకొండ వైపు వెళ్తుంటే ఎదురుగా కొత్త కార్లు మోస్తున్న పొడవాటి ట్రైలర్లు వచ్చాయి. ఎర్రమంచి దగ్గరున్న కియా ఫ్యాక్టరీవి. 2019లో కార్లు తయారవడం మొదలైంది, ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సామర్థ్యం. ఇప్పుడు వచ్చే చాలా టర్బో ఇంజిన్లలో మానిఫోల్డ్‌ని సిలిండర్ హెడ్‌తో కలిపే పోత పోస్తున్నారు. విప్పి హెడర్ బిగించడానికి అక్కడ ఏమీ ఉండదు. నాలాంటి పిచ్చోళ్లది చివరి బ్యాచ్ అనుకుంటా. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. వాటికి ఎగ్జాస్టే లేదు. అయినా రేసు రేసే.

తిరిగొస్తూ టీ కోసం చెక్‌పోస్ట్ దగ్గర ఆగా. కొట్టతను గ్లాసు ఇస్తూ, "చిలమత్తూర్లో స్టార్ట్ చేసింది నువ్వేనా? ఈడికి వినపడె" అన్నాడు. జోకే. పక్కన రైడింగ్ జాకెట్లలో ఉన్నవాళ్లు నవ్వి నాకు థంబ్స్అప్ చూపించారు. పదిహేనేళ్లుగా ఆ గుంపులో ఒకడిని అవ్వాలనుకున్నా. అయ్యా. కానీ నా బుర్రలో మాత్రం గోనెపట్టలు దించుతున్న చిన్నాయన ఉన్నాడు.

లేపాక్షికి కూడా వెళ్లా. వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం దగ్గర గైడు ఎప్పటిలాగే కథ చెప్తున్నాడు. బ్రిటిష్ కాలంలో ఎవరో ఇంజినీరు దాని రహస్యం తెలుసుకుందామని కదిలించబోతే స్తంభం కాస్త పక్కకు జరిగిందట. కథ నిజమో కాదో గానీ, ఒక అంచు నేలకు ఆనుతున్న ఆ స్తంభం కింద నుంచి తుండుగుడ్డ లాగుతున్న జనాన్ని చూస్తే వెల్డింగ్ మామ ప్రశ్న గుర్తొచ్చింది. బాగానే ఉన్నదాన్ని ఎందుకప్పా?

లెక్క

ఇక చట్టం సంగతి. బండి కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019 సవరణ తర్వాత 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ పరిమితులు దాటితే 190(2) కింద మొదటిసారికే 10 వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉండొచ్చు. లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. హైదరాబాద్, విశాఖల్లో పోలీసులు లాక్కున్న సైలెన్సర్లను రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. పైగా నా కారు 15 ఏళ్లు దాటింది. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు కన్వర్టర్ లేకపోతే ఇన్‌స్పెక్టర్‌కి ఏం చెప్పాలి?

ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలిసినా బిగించా. కాబట్టి హెడర్ విప్పడానికి కారణం చట్టం అని అబద్ధం చెప్పను.

బెంగళూరు వెళ్లాక రోజూ సాయంత్రం చిన్నాయనకు ఫోన్ చేశా. మామూలుగా నెలకోసారి చేసేవాణ్ణి. "పురుగు ఎట్లుండాది?" "తింటాండాది." మర్నాడు మళ్లీ. "తింటాండాదిలేప్పా." ఆ షెడ్డు మీద బ్యాంకు లోను ఉంది. నా హెడర్‌కి నేను పెట్టింది బోనస్ డబ్బు. ఆయన ఆ పంటలో పెట్టింది ఇంటి డబ్బు. ఏడో రోజు పురుగులను చంద్రికల మీదికి ఎక్కించారని చెప్పాడు. గూళ్లు కట్టాయి. హిందూపురం మార్కెట్‌లో వేలానికి పెట్టాడు. రేటు మామూలుగానే వచ్చింది. నా వల్ల ఏమీ కాలేదు. అవ్వకపోవడం నా గొప్ప కాదు, ఆయన టైమ్‌కి గోనెపట్టలు దించడం, గాలి మా అదృష్టం కొద్దీ అటు వైపు వీయడం.

తర్వాతి శనివారం ఊరికొచ్చి పాత పోత ఇనుప మానిఫోల్డ్, కన్వర్టర్ తిరిగి బిగించా. ఈసారి వెల్డింగ్ షాపు ముందు, షెడ్డుకు దూరంగా. ఏ బోల్టూ తెగలేదు. నిజంగా హెడర్ వేయాలనుంటే దానికి చోటు ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులో కారీ స్పీడ్‌వే. ట్రాక్ కోసమే ఉంచిన కారును ట్రక్కు మీద తీసుకెళ్లి, అక్కడ గొంతు చించుకోనివ్వండి. ఎవరూ గోనెపట్టలు దించుకోనక్కర్లేదు.

హెడర్ అమ్మేద్దామనుకున్నా. మామ అడిగాడు, "ఈడ పెట్టిపోప్పా, మాదిరి చూసి వంపులు నేర్చుకుంటా" అని. ఇచ్చేశా. ఇప్పుడది ఆయన షాపు గోడకు, ట్రాక్టర్ సైలెన్సర్ల పక్కన వేలాడుతోంది. మొన్న వెళ్తే ఒక ట్రాక్టర్‌కి కొత్త పైపు వంచుతున్నాడు. వంపు దగ్గర గొట్టం నలగకుండా లోపల ఇసుక నింపి, వేడి చేసి వంచాడు. అతుకు ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది.

సాయంత్రం చిన్నాయన ఇంట్లో సంగటి, ఊరిబిండి తిన్నాం. కొత్త చాకీ పురుగులు వచ్చాయి, చూపించాడు. చెవి దగ్గర పెట్టి వినమన్నాడు. ఇంకా చిన్నవి, ఏమీ వినపడలేదు. "నాలుగో జ్వరం లేసినాక రా. వాన పడినట్లుంటాది సౌండు" అన్నాడు.

వెళ్లా. నిజంగానే వాన పడినట్టుంది.